అడుగు కనబడని క్యాన్

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. మా పాపకు ఆ జ్వరం అంటించిన చేతులు మా అత్త చేతులే అయితే ఎట్లా అన్నదే ఆ భయం.

ఈ మాట ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. మా ఆయనతో అంటే ఇల్లు రెండుగా చీలుతుంది. నన్ను కన్న మా అవ్వతో అంటే "నేను ముందే చెప్పిన" అంటుంది. దేవుడితో అంటే విని ఊరుకుంటాడు. అందుకే మీతో అంటున్నాను.

ఆ పొద్దున మా అత్త దేవవ్వ డ్యూటీ దిగి వచ్చి, ఒంటిమీద దవాఖాన ఆకుపచ్చ చీర అట్లాగే ఉండగా, పొయ్యి పక్కన గోడకు ముఖం పెట్టి కూర్చుంది. చాయ్ గ్లాసు మీద మీగడ కట్టింది. ముట్టలేదు.

"అవ్వా, చాయ్ తాగే."

కొడుకు పిలిచినా ఆమె గోడ వైపే చూసింది.

"గోడకు ఏమున్నదే? సినిమా ఏమన్న వస్తుందా?"

మా ఆయన నరేశ్‌కు భయం వేస్తే పరిహాసం వస్తుంది. సిరిసిల్లలో సాంచాలు నడుపుతాడు. ఆ మగ్గాల మోతలో అరిచి అరిచి, ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడతాడు. పాపకు జ్వరం వచ్చినప్పటి నుంచి పనికి పోవడం లేదు. ఇంట్లో సాంచా ఒకటి నడుస్తున్నట్టే ఉంది.

"నవ్యా, నువ్వు జర చెప్పు."

"నేను చెప్తే వింటదా? కొడుకువు, నువ్వే చెప్పు."

ముందు రోజు సాయంత్రం దవాఖానలో పసిపిల్లల వార్డుకు తాళం వేశారు. మా పాపతో కలిపి ముగ్గురు పిల్లలకు ఒకే రకం జ్వరం. ముగ్గురినీ పై అంతస్తుకు మార్చారు. మా పాపకు ఇంకా పేరు కూడా పెట్టలేదు. నెలలు నిండకుండా పుట్టింది కాబట్టి అద్దాల పెట్టెలో ఉంచారు. ఆ పెట్టెలోనే జ్వరం పట్టుకుంది.

ఇక ఆ వార్డులో ఆయమ్మ మా అత్తే. ఆమె పట్టుబట్టింది కాబట్టే పాపను ఆ దవాఖానలో చేర్చాం. "మా వార్డుల నేల మీద అన్నం పెట్టుకొని తినొచ్చు" అని గల్లీ అంతా చెప్పుకునేది. గల్లీవాళ్లు కూడా ఊరుకోలేదు, "ఫినాయిలు దేవవ్వ" అని పేరు పెట్టారు. ఆమెకు ఆ పేరు నచ్చింది కూడా.

పద్మలత సిస్టర్ అని ఒకావిడ ఉంది. జబ్బు క్రిములు ఎక్కడ దాక్కున్నాయో వెతకడమే ఆమె పని. కుళాయిలు, తలుపు పిడులు, పిల్లల పెట్టెలు, చివరికి మనుషుల అరచేతులు కూడా దూదిపుల్లతో తుడిచి పరీక్షకు పంపింది. వార్డులో పనిచేసే వాళ్లందరినీ మధ్యాహ్నం రమ్మని కబురు పెట్టింది.

"ఇను అవ్వా," అన్నాడు నరేశ్, తల్లి ముందు గొంతుక్కూర్చుని. "ఎవలేమడిగినా తెల్వదను. గంతే. పెద్దోళ్లు పెద్దోళ్లు ఒక్కటైతరు. ఆఖరుకు ఆయమ్మ మీదనే వడ్తది."

"తెలిసింది తెలిసినట్టు చెప్పమను," అన్నాను. "పాప ఇంక అక్కడనే ఉన్నది."

"అంటే? మా అవ్వకు ఏదో తెలుసంటవా?"

"నేనట్ల అన్ననా?"

"నీ మొఖం అంటున్నది."

నా ముఖం అబద్ధం చెప్పలేదు. అందుకే వంట వైపు తిరిగాను.

మా అత్త బాలింతను పొయ్యి దగ్గరికి రానిచ్చే మనిషి కాదు. నేను చల్లనీళ్లు ముట్టినా కేకలేస్తుంది. ఆ రోజు నేను గిన్నె ఎత్తాను, పప్పు కడిగాను, పొయ్యి వెలిగించాను. ఆమె తల తిప్పలేదు. ఆ తల తిప్పకపోవడమే నన్ను ఎక్కువ పరేషాన్ చేసింది.

ఉప్పు కుండలో చెయ్యి పెడితే అడుగున గడ్డకట్టి తగిలింది. చెమ్మ పట్టి నల్లబడింది. మంచి ఉప్పు పళ్లెంలోకి తీసి, కుండను కుళాయి కింద బోర్లించబోయాను.

"ఏయ్!"

అంత సేపు రాయిలా కూర్చున్న మనిషి ఒక్క ఉదుటున లేచింది.

"ఉప్పు కుండ బోర్లిస్తవా? పిల్ల పాణం మీద ఉంటే ఇంట్ల ఉప్పు అడుగు తుడుస్తవా? బుద్ధి ఏడ వెట్టినవే?"

"అడుగుకు చెమ్మ వట్టింది అత్తా. నల్లగైంది."

"అయితే కొత్తది మీదికెల్లి పొయ్యి! అడుగు మాత్రం కనబడనియ్యకు. మా అత్త నా చేతికిచ్చిన కుండ అది. ఎన్నడన్న ఖాళీ చేసిన్నా?"

చేయలేదు. ఆ ఇంట్లో ఉప్పు గానీ బియ్యం గానీ దీపంలో నూనె గానీ ఎన్నడూ "అయిపోలేదు". "నిండుకున్నది" అనాలి. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఒకసారి "బియ్యం అయిపోయినయి అత్తా" అంటే నాలుక కరుచుకోమంది. గుప్పెడన్నా అడుగున ఉండగానే పైన కొత్తవి పోయాలి. అడుగు కనబడితే లచ్చిమి లేచి పోతుందని ఆమె నమ్మకం. నాకూ అలవాటైంది. మా అవ్వ ఇంట్లో కూడా అంతేగా.

కుండ నా రెండు చేతుల్లో ఉంది. దాని అడుగు చూస్తున్నాను. చూస్తుండగా నా కళ్లకు వేరే అడుగు కనిపించింది. కాదు, కనిపించలేదు. ఎన్నడూ కనిపించలేదన్న సంగతి తట్టింది.

వార్డు లోపలికి పోగానే ఎడమ చేతి వైపు స్టూలు మీద ఒక తెల్ల క్యాన్ ఉండేది. దానికి కుళాయి. లోపల గులాబి రంగు మందునీళ్లు. పిల్లను ముట్టే ముందు తల్లులం అందరం ఆ నీళ్లతోనే చేతులు కడుక్కునేవాళ్లం. పిల్లల పెట్టెలను తుడిచే గుడ్డలూ అందులోనే ముంచేవాళ్లు. ఎప్పుడు పోయినా నిండుగా ఉండేది.

"అత్తా."

"ఏంది?"

"వార్డుల గులాబి మందునీళ్ల క్యాన్ ఉంటది చూడు. దాన్ని ఎప్పుడన్న ఖాళీ చేసి కడిగినవా?"

పప్పు పొంగి పొయ్యి మీద పడింది. ఎవరూ మంట తగ్గించలేదు.

నరేశ్ నవ్వబోయాడు. "ఉప్పుకు, దవఖాన మందుకు ఏం సంబంధమే?"

నేను అత్తనే చూస్తున్నాను. ఆమె కొంగు భుజం మీదికి లాక్కుంది.

"ఎందుకు ఖాళీ చేస్త?" అంది. గొంతులో ఇంకా గర్వం ఉంది. "నా డ్యూటీల ఆ క్యాన్ అడుగు ఎవ్వల కండ్ల వడలే. సూపర్‌వైజర్ సారే చెప్పిండు, క్యాన్ ఖాళీగ కనబడొద్దని. సగానికి రాంగనే మందు పోసి, నీళ్లు పోసి నింపుత. తతిమ్మా ఆయమ్మలు బొట్టు లేకుంట అయ్యేదాక చూస్తరు. నేను చూడ."

"ఎప్పటి సంది?"

"నేను ఆ వార్డుల వడ్డకాడికెల్లి."

మంట తగ్గించాను.

"పోదాం. సిస్టర్‌కు గీ మాట చెప్పాలె."

"ఆగు ఆగు," నరేశ్ అడ్డం వచ్చాడు. "చదువు ఇంటర్ల ఆగింది. డాక్టరమ్మవు ఎప్పుడైనవు?"

"చదువే ఆగింది. కండ్లు ఆగలే."

"అది మందే పిచ్చిదానా! క్రిములను చంపే మందు. మందుల క్రిమి ఎట్ల బతుకుతదే? కారంల పురుగు బతుకుతదా?"

"పచ్చిమిరపకాయల పురుగు ఉండదా?"

ముందు రోజే కూరకు మిరపకాయలు తుంచుతూ "ఛీ, పురుగు" అని పారేసింది నరేశే.

మా అత్త మళ్లీ కూర్చుంది. ఈసారి గోడ వైపు కాదు, మా వైపు.

"పొద్దుగాల సిస్టర్ ఆ క్యాన్‌ను కవర్ల కట్టుకొని తీస్కపోయింది," అంది మెల్లగా. "ఇది ఎవలు నింపుతరు అని అడిగింది. అందరు నా మొఖం చూసిండ్రు. నేను నేల చూసిన."

"గందుకే తెల్వదను అంటున్న!"

"ఎట్లంటరా?" ఆమె గొంతు లేచింది. "అంతమంది ముంగట, క్యాన్ నేనే నింపుత, నా లెక్క ఎవలు నింపరు అని చెప్పుకున్నదాన్ని. ఇయ్యాల తెల్వదని ఎట్లంట? నోరా అది, తాటిమట్టనా?"

నేను పొయ్యి మీది పప్పు దించాను. కొన్నిసార్లు కోడలు మాట్లాడకపోతేనే అత్త లేస్తుంది.

లేచింది. ఆకుపచ్చ చీర విప్పి ఇంటి చీర కట్టుకుంది. గుమ్మం దాటుతూ నా వైపు చూడకుండానే అంది: "ఆ కుండ కడుగు. ఎండల బోర్లిచ్చి రా, పోదాం."

*

పద్మలత సిస్టర్‌ది జగిత్యాల. బక్క మనిషి, పెద్ద కళ్లద్దాలు. మాట సూటిగా ఉంటుంది, తియ్యగా ఉండదు. మమ్మల్ని చూసి "రోగి బంధువులు కింద కూర్చోవాలె" అంది. తరువాత అత్తను గుర్తుపట్టి కుర్చీ చూపించింది.

"సిస్టర్, ఆ క్యాన్ నింపేది నేనే," అంది అత్త నిలబడే. కూర్చుంటే ధైర్యం జారిపోతుందని అనుకుందేమో.

"తెలుసు. నువ్వెప్పుడు చెప్తవా అని చూస్తున్న."

"దాంట్ల ఏమన్న దొరికిందా?"

సిస్టర్ కళ్లద్దాలు తీసి తుడిచింది. "పిల్లల రక్తంల ఏ క్రిమి ఉన్నదో అదే క్రిమి, మొన్న దూదిపుల్లతోని తుడిస్తే, క్యాన్ కుళాయిల దొరికింది. కొత్త మందు సీసా తెరిచి చూస్తే అది శుభ్రంగ ఉన్నది. మందు పంపినోన్ని తిట్టిన, నీళ్ల ట్యాంకు కడిగించిన. మంచి మందు, మంచి నీళ్లు. మధ్యల ఇది ఎట్లొచ్చిందో నాకు సమజైతలేదు."

అత్త చెప్పింది. సగానికి రాగానే నింపడం, అడుగు కనబడనివ్వకపోవడం, సూపర్‌వైజర్ అన్న మాట, తన ఇంటి ఉప్పు కుండ, అన్నీ చెప్పింది. ఏదీ దాచలేదు. మధ్యలో నరేశ్ రెండుసార్లు దగ్గాడు. ఆమె ఆ దగ్గు వినలేదు.

సిస్టర్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని అడిగింది: "దేవవ్వా, ఇంట్ల పెరుగు ఎట్ల చేస్తవు?"

"ఎట్ల చేస్త? పాత పెరుగు అడుగున జర ఉంచి, దాని మీద కొత్త పాలు..."

ఆగిపోయింది. ఆ ముఖం నేను మరిచిపోలేను.

"అంటే..." అంది. "నేను తోడేసిన్నా, సిస్టర్?"

సిస్టర్ కుర్చీ జరిపి, ఆమెను భుజాలు పట్టి కూర్చోబెట్టింది.

"ఇనుండ్రి," అంది ముగ్గురితో. "మందు పోస్తే క్రిములు చస్తయి. కాని అన్ని చావయి. మొండియి నాలుగు మిగుల్తయి. క్యాన్ అడుగున, కుళాయి సందుల, జిగురు కట్టుకొని కూసుంటయి. ఖాళీ చేసి, రుద్ది కడిగి, ఆరబెడితే అవి గూడ పోతుండె. మీరు ఖాళీ చెయ్యకుంట పైనుంచి పోస్తుండ్రు. పాత మందుల బలం తగ్గుతది, నీళ్లతోని ఇంక పలచనైతది. ఆ పలచని మందుల అవి బతకనేర్చినయి. ఇప్పుడు చక్కగ కలిపిన మందు పోసినా వాటికి లెక్కలేదు."

"తాగుబోతోని లెక్క," అన్నాడు నరేశ్. "మొదట్ల ఒక్క గ్లాసుకే పడ్తడు. అటెన్క సీసా దించినా నిలవడ్తడు."

సిస్టర్ ఆ రోజు మొదటిసారి నవ్వింది. "జర ఫరక్ ఉన్నది తమ్మీ. తాగుబోతు ఒక్కడే అలవాటు వడ్తడు. ఇక్కడ తట్టుకోనియి సచ్చిపోయి, తట్టుకున్నవాటి పిల్లలే మిగిలినయి. ఇప్పుడున్నయన్ని మొండోళ్ల సంతానమే. గట్లాంటియి సూది మందులకు గూడ తొందరగ లొంగయి. మీ పాపకు మొదటి మందు పనిచేయకపాయె గదా, గందుకే."

"ఇప్పటి మందు?" అన్నాను.

"పనిచేస్తుంది. పొద్దుగాల జ్వరం దిగింది. ఏ క్రిమో తెలిసినంక ఏ మందు ఇయ్యాల్నో డాక్టర్‌కు తెలిసింది. నీ బిడ్డ గూడ మొండిదే."

నేను ఏడవలేదు. ఏడవాలని ఉంది, ఏడిస్తే అత్త కూడా మొదలుపెడుతుంది.

నరేశ్ తల్లి కుర్చీ పక్కకు వచ్చి నిలబడ్డాడు. "మరి ఇప్పుడు మా అవ్వనే పట్టుకుంటరా?"

"క్యాన్ రోజు చూసినదాన్ని నేను," అంది సిస్టర్. "మూత తీసి అడుగు చూడలే. నిండుగ ఉన్నదని సంబురపడ్డ. సూపర్‌వైజర్ ఖాళీగ కనబడొద్దన్నడు గని, కడగమని ఎవ్వలు చెప్పలే. గది పెద్ద డాక్టర్‌కు నేనే చెప్త, మీ అవ్వ గూడ నా పక్కన నిలవడి చెప్తది. దాచితే రేపు ఇంకో వార్డుల ఇంకో క్యాన్ గిట్లనే నిండుగ ఉంటది."

నరేశ్ ఇంకేదో అనబోయాడు. అత్త చెయ్యెత్తింది. "చెప్త," అంది. "నింపిన చేతులే చెప్తయి."

*

పై అంతస్తులో పాప నిద్రపోతోంది. ముక్కుకు పెట్టిన గొట్టం తీసేశారు. పెదవులు నిద్రలోనే పాలు తాగుతున్నట్టు కదులుతున్నాయి.

అత్త గుమ్మం బయటే ఆగింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది, దొంగ సొమ్ము దాచినట్టు.

"లోపలికి రా అత్తా. చేతులు కడుక్కొని రా."

"ఏ నీళ్లతోని?"

"సబ్బుతోని. పారే నీళ్లతోని."

పోయి కడుక్కుంది. మోచేతుల దాకా, గోళ్ల సందుల దాకా. వచ్చి పెట్టె పక్కన నిలబడింది గానీ చేతులు మళ్లీ వెనక్కే పోయాయి.

మొదట మీకు చెప్పిన నా భయం నిజమైంది. ఆ చేతులే. మరి నాకు కోపం రావాలి కదా? వచ్చింది కూడా. కానీ ఆ చేతులు కావాలని చేయలేదని, వాటికి తెలిసిన మంచినే చేశాయని కూడా నాకు తెలుసు. భయంగా ఉన్నన్నాళ్లు ఏం చేయాలో తెలియలేదు. నిజమని తేలాక తెలిసింది. కడగాలి, ఆరబెట్టాలి, చెప్పాలి. ఇవి నాకు చేతనైన పనులే.

అప్పుడే పద్మలత సిస్టర్ లోపలికి వచ్చింది.

"ఆ క్యాన్ నీళ్లు పోసిన సీసాలు, గిన్నెలు అన్ని జమచేసి పారేయించిన. ఇంకెక్కడన్న ఉన్నయా దేవవ్వా? మంచిగ యాది చేసుకో."

"లేవు సిస్టర్. అన్ని వార్డులనే..."

ఆగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏంది అత్తా?"

"వందన," అంది.

వందన మా పక్క పెట్టె పిల్లవాడి తల్లి. ఉట్నూరు వైపు పిల్ల. మంచిర్యాల నుంచి ఇక్కడికి పంపారు. ఆమె మాటలో మరాఠీ కలిసి ఉంటుంది, మా అత్తను "కాకీ, కాకీ" అని పిలిచేది, పిన్నీ అన్నట్టు. ఏది చెప్పినా ముందు నవ్వి తరువాత చెప్పేది. నవ్వితే ముందు పన్ను మీద పన్ను కనిపించేది. పిల్లవాడు పిడికిలంత పుట్టి, కళ్లముందే మనిషి ఆకారానికి వచ్చాడు. ఆ ముగ్గురికి జ్వరం రాకముందే వాళ్లు సంతోషంగా ఇంటికి పోయారు.

"వందనకేమైంది?" అంది సిస్టర్.

"పోయేటప్పుడు... మీ ఊర్ల గిసొంటి మందు దొరకదు బిడ్డా అని, దగ్గుమందు సీసా కడిగి, దాంట్ల ఆ నీళ్లు పోసిచ్చిన. పిల్లగాన్ని ఎత్తుకునే ముంగట చేతులు కడుక్కో, బొడ్డు తుడువు అన్న." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అది నా కాళ్లు మొక్కింది సిస్టర్. నా తల్లి గూడ గింత చెయ్యలే కాకీ అన్నది."

"ఒక్క సీసానే గదా," అన్నాడు నరేశ్. "ఈపాటికి ఒడిసి ఉంటది."

అత్త తల అడ్డంగా ఊపింది. ఊపుతూనే ఉంది.

"ఒడవదు."

"ఎందుకు ఒడవదే?"

"అడుగంటనియ్యకు అని చెప్పిన. సగమైనంక నీళ్లు పోసుకో బిడ్డా, ఎన్నటికి నిండుకోదు అని చెప్పిన."

పాప ఒకసారి కాళ్లు ఝాడించి మళ్లీ పడుకుంది.

సిస్టర్ అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. వందన ఇచ్చిన నంబర్ ఆమె మరిదిది. మోగలేదు. మళ్లీ చేసింది. మోగలేదు. దవాఖానలో రాసుకున్న చిరునామాలో మామ పేరు లచ్చయ్య, ఉట్నూర్, అంతే. ఉట్నూరులో డాక్టర్లకు చెప్పింది. "లోపల ఇన్ని గూడేలుంటే ఏ గూడెమని పోవాలె మేడం? అయినా ఆశా కార్యకర్తలందరికి చెప్తం" అన్నారు.

"ఇల్లెక్కడ అన్నదే?" అడిగాడు నరేశ్.

"జీపు దిగి వాగు దాటాలె అన్నది. ఇంటి ముంగట ఇప్పచెట్టు ఉన్నదన్నది."

"అడవిల ఇప్పచెట్టు లేని ఇల్లేదే అవ్వా!"

"నువ్వు రాకున్నా నేను పోత," అంది అత్త.

నరేశ్ నా వైపు చూశాడు. పొద్దున నన్ను డాక్టరమ్మవా అన్న మనిషి ఇప్పుడు నేనేం చెబుతానా అని చూస్తున్నాడు.

"పోండ్రి ఇద్దరు," అన్నాను. "పాపను నేను చూసుకుంట."

సిస్టర్ సబ్బు బిళ్లలు తెచ్చి అత్త సంచిలో వేసింది. "సీసా పారబోయించు. బొడ్డుకు ఏం పెట్టొద్దు, పొడిగ ఉంచాలె. పిల్లగాడు పాలు తాగకున్నా, ఒళ్లు కాలినా, సల్లవడ్డా ఒక్క పూట ఆగొద్దు, దవఖానకు తేవాలె." అత్త ఒక్కొక్క మాటా తిరిగి చెప్పింది, పాఠం అప్పజెప్పినట్టు.

గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చింది.

"నవ్యా. ఒక్కసారి ముట్టుకోనా దాన్ని?"

ఆ చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. శుభ్రంగా ఉన్నాయి. వద్దనడానికి కారణం లేదు.

"వచ్చినంక అత్తా," అన్నాను. "ఆ పిల్లగాన్ని చూసి రా. వచ్చినంక నీ ఒళ్లనే వేస్త."

ఆమె నొచ్చుకుంటుందనుకున్నాను. తల ఊపింది. చాలా రోజుల తరువాత ఆమె నడక గట్టిగా ఉంది.

*

మరునాడు పొద్దెక్కాక నరేశ్ ఫోన్ చేశాడు. జీపు హారన్ల మధ్య అరుస్తున్నాడు.

"లచ్చయ్యలు దొరికిండ్రు నవ్యా! ఒక్కడు గాదు, ఊరికొక్కడు. ఎవ్వలింట్ల వందన అనే కోడలు లేదంటుండ్రు."

"సక్కగ అడిగినవా?"

"అడిగినం. ఒక ముసలాయిన మాత్రం, మా కోడలు పేరు వందననే, దవఖానల నుంచి ఇంటికే రాలే అన్నడు."

"రాకుంటే ఎటు పోయింది?"

వెనక నుంచి అత్త గొంతు. నరేశ్ చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"బుద్ధి లేనోళ్లమైతిమి పిల్లా! తొల్సూరు కానుపు అది. అత్తగారింటికి ఎందుకు పోతది? తల్లిగారింటికి పోయింది. మనం అత్తగారి ఇంటి పేరు పట్టుకొని తిరుగుతున్నం!"

"మరి తల్లిగారు ఏ ఊరు? ఆ ముసలాయిన చెప్పలేదా?"

"కొడుకు తన ఇష్టంతోని తనే పెండ్లి చేసుకున్నడట. పిల్ల తల్లిగారి గడప ఆయన ఇంతవరకు తొక్కలేదట. ఇటు ఉట్నూరు దాపునే ఏదో పల్లె అన్నడు, పేరు తెల్వదన్నడు. కొడుకు ఫోన్..."

లైన్ పోయింది. తిరిగి చేశాను. కలవలేదు.

మా పాప ఇప్పుడు నా ఒళ్లో ఉంది. పాలు తాగుతోంది. గుటక గుటకకూ ఆగి నన్ను చూస్తోంది. కింద వార్డు తాళం తీసి కొత్త క్యాన్ పెట్టారు. ఇక రోజూ ఖాళీ చేసి, కడిగి, బోర్లిస్తారట. నేను దిగి చూసి వచ్చాను. అడుగు తళతళ మెరుస్తోంది.

ఇక్కడ ఉండి నేను చేయగలిగింది అంతే. మిగిలింది మీరు చేయాలి.

మీలో ఎవరైనా ఉట్నూరులో గానీ ఆ చుట్టుపక్కల గానీ ఉంటే, తల్లిగారింటికి కొత్తగా వచ్చిన బాలింత ఉందేమో అడగండి. పేరు వందన. ముందు నవ్వి తరువాత మాట్లాడుతుంది, పన్ను మీద పన్ను ఉంటుంది. గూట్లోనో, పిల్లవాడి తల దగ్గరో ఒక దగ్గుమందు సీసా ఉంటుంది, లోపల గులాబి నీళ్లు. ఆ పిల్ల మాట వినే రకం. అది నిండుగానే ఉంటుంది.

నిండుగా ఉంది కదా అని వచ్చేయకండి. పారబోయించండి. సబ్బుతో చేతులు కడుక్కోమనండి, దేవవ్వ కాకీ చెప్పిందని చెప్పండి. ఆ తరువాత పిల్లవాడి దగ్గర కాసేపు కూర్చోండి. పాలు తాగుతున్నాడో లేదో, ఒళ్లు కాలుతోందో లేదో, చెయ్యి కడుక్కుని ఒక్కసారి ముట్టుకుని చూడండి.